ఆదివారం ఎవరి సొత్తు? – చిత్తూరు మిషన్ చరిత్రలో రెండు దాస్యాలు

మన ప్రాంతపు క్రైస్తవ సంఘాల గురించి రాసేవాళ్లు చాలాకాలంగా రెండు పక్షాలుగా నిలిచి ఉన్నారు. ఒక పక్షానికి మిషనరీ దయామయుడు. బడి పెట్టాడు, ఆసుపత్రి కట్టించాడు, అంటరానివాడికి అక్షరం చెప్పాడు. రెండో పక్షానికి అతను సామ్రాజ్యవాదానికి ముందు నడిచిన బంటు. ఇద్దరి దగ్గరా ఆధారాలున్నాయి. ఇద్దరి దగ్గరా లేనివాడు ఒక్కడే: చిత్తూరు, పలమనేరు, మదనపల్లె పరిసరాల మాలపల్లెల నుంచి, మాదిగపల్లెల నుంచి, ఆసామి గొడ్లపాక ఊడ్చి వచ్చి చర్చిలో నేలమీద కూర్చున్న పాలేరు. మొదటి పక్షం రాతల్లో అతను ఉద్ధరింపబడ్డాడు. రెండో పక్షం రాతల్లో మోసగింపబడ్డాడు. రెండుచోట్లా అతనికి దక్కింది కర్మణి వాక్యమే.

ఈ పాత తగాదాకు ఇటీవలి ఏళ్లలో కొత్త సందర్భం వచ్చింది. పాశ్చాత్య దేశాల చర్చీలు, విద్యాసంస్థలు, ప్రభుత్వాలు బానిసత్వంతో తమకున్న పాత లావాదేవీలను ఒక్కొక్కటిగా బయటపెట్టుకుంటున్నాయి. 2022 డిసెంబరులో నెదర్లాండ్స్ ప్రధాని రుట్టే, 2023 జూలై 1న ఆ దేశపు రాజు క్షమాపణ చెప్పారు. 2023 జనవరిలో ఇంగ్లండు చర్చి ఆస్తుల్ని చూసే కమిషనర్లు, తమ మూలధనంలో ఒక భాగం బానిసల ఎగుమతిలో ఉన్న సౌత్ సీ కంపెనీలో పెట్టుబడిగా పెరిగిందని ఒప్పుకుని, 10 కోట్ల పౌండ్ల నిధి ప్రకటించారు. 2024 ఫిబ్రవరిలో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం క్షమాపణ చెప్పింది. ఆ విశ్వవిద్యాలయానికి పేరిచ్చిన ఎలిహూ యేల్ 1687 నుంచి 1692 దాకా మద్రాసు కోటలో గవర్నరు. 1680లో కట్టిన కోటలోని సెయింట్ మేరీ చర్చిలో మొదటి పెళ్లి అతనిదే. ఆ కాలంలో ఆ రేవు నుంచి కంపెనీ ఓడల్లో మనుషులు కూడా సరుకుగా వెళ్లారు.

ఇవన్నీ ఎక్కడో అట్లాంటిక్ సముద్రానికి చెందిన సంగతులని మన సంఘాలు భావిస్తే అది చరిత్ర తెలియనితనమే. రాయలసీమ ఉత్తర భాగాన, ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో 19వ శతాబ్దం నడిమి నుంచి పనిచేసిన సువార్త ప్రచార సంఘం – జనం ఎస్.పి.జి. మిషన్ అన్నది – 1710 నుంచి బార్బడోస్ ద్వీపంలో కాడ్రింగ్‌టన్ చెరకు తోటలకు యజమాని. ఒక దశలో అక్కడి బానిసల రొమ్ముమీద కాల్చిన ఇనుముతో సంఘం పేరే ముద్ర వేశారు. బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయినప్పుడు నష్టపరిహారం యజమానులకు ముట్టింది. ఈ సంఘానికి ముట్టింది 8,823 పౌండ్ల చిల్లర. పని చేసినవాడికి పైసా లేదు. ఆ సంఘపు వారసులు 2023 సెప్టెంబరులో బార్బడోస్ ప్రజల కోసం 70 లక్షల పౌండ్ల కార్యక్రమం ప్రకటించారు. ముత్యాలపాడులో బడి కట్టిన డబ్బులో బార్బడోస్ చెమట ఎంత అని పైసలతో లెక్క తేల్చడం కుదిరే పని కాదు. ఒకే ఖజానా అన్నది మాత్రం నిజం.

చిత్తూరు కథ ఇంతకంటే చిక్కైనది. ఇక్కడికి వచ్చింది ఇంగ్లీషు చర్చి కాదు, అమెరికాలోని డచ్ రిఫార్మ్‌డ్ చర్చి. ఆ చర్చికి మూలం న్యూ ఆమ్‌స్టర్‌డామ్, అంటే తర్వాతి న్యూయార్క్, అప్పట్లో డచ్ వెస్టిండియా కంపెనీ వలస. అక్కడ 1628లో సంఘం ఏర్పడేనాటికే కంపెనీ ఆఫ్రికా బానిసలు ఆ ఊళ్లో ఉన్నారు. అదే కాలంలో ఆ కంపెనీకి తోబుట్టువైన ఈస్టిండియా కంపెనీ మన తీరాన ఏం చేస్తున్నదో కూడా చూడాలి. చంద్రగిరి రాజ్యపు వేంకటపతిరాయల అనుమతితో 1610లో పులికాట్‌లో దిగి, 1613లో అక్కడ కోట కట్టింది. 1620ల మొదట్లో, కరువు రోజుల్లో, పులికాట్, దేవనాంపట్నం వంటి రేవుల నుంచి వెయ్యిమందికి పైగా మనుషుల్ని కొని బటేవియా వైపు ఎక్కించింది. ఆ కోటలో ప్రార్థన చేయించిన పాదిరీలదీ, న్యూ ఆమ్‌స్టర్‌డామ్ పాదిరీలదీ ఒకే మతశాఖ. పులికాట్ సరస్సు ఉత్తరపు ఒడ్డున ఉన్న సూళ్లూరుపేటను 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. 1860లలో హెర్మన్స్‌బర్గ్ జర్మన్ లూథరన్లు తమ తెలుగు మిషన్ మొదలుపెట్టింది ఆ సూళ్లూరుపేట ప్రాంతంలోనే. తిరుపతి లూథరన్ సంఘాల వంశవృక్షానికి మొదలు అక్కడుంది.

ఇక అసలు విషయం. 1853లో స్కడర్ సోదరులు హెన్రీ, విలియం, జోసెఫ్ ఆర్కాటు మిషన్‌ను నెలకొల్పారు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా కేంద్రమైన చిత్తూరు తొలి స్టేషన్లలో ఒకటి. 1857 దాకా ఈ మిషన్ అమెరికన్ బోర్డు అనే పెద్ద సంస్థ కింద నడిచింది. ఆ బోర్డు బానిస యజమానుల చందాలు తీసుకుంటున్నదనీ, చెరోకీ, చోక్టా తెగల మధ్య తాను పెట్టిన సంఘాల్లో బానిస యజమానుల్ని సభ్యులుగా ఉంచుకున్నదనీ నిరసించి, బానిసత్వ వ్యతిరేకులు 1846లో విడిపోయి వేరే మిషన్ సంఘం పెట్టుకున్నారు. అంటే చిత్తూరుకు మిషనరీ వచ్చేనాటికి ఈ ప్రశ్న బహిరంగమై ఏడేళ్లయింది. తెలియలేదని చెప్పుకునే వీలు ఎవరికీ లేదు.

1855లో డచ్ చర్చి మహాసభ ముందుకు ఒక అర్జీ వచ్చింది. బానిస యజమానులున్న నార్త్ కరోలినా జర్మన్ రిఫార్మ్‌డ్ సంఘాలు తమను కలుపుకొమ్మని అడిగాయి. న్యూ బ్రన్స్‌విక్ మొదటి సంఘపు పాదిరీ శామ్యూల్ హౌ లేచి, బానిసల్ని కలిగి ఉండడం పాపం కాదని బైబిలు ఆధారాలతో వాదించాడు. ఆ వాదనను అదే శీర్షికతో పుస్తకంగా అచ్చువేయించాడు. ఆ కలయిక చివరికి జరగలేదు. అయితే జరగకపోవడానికి కారణం సూత్రబలం ఒక్కటే అనుకోనక్కరలేదు, తగాదా చర్చిని చీలుస్తుందన్న జంకు కూడా అందులో పనిచేసింది. న్యూ బ్రన్స్‌విక్ ఈ చర్చికి కాశీలాంటిది. దాని సెమినరీ అక్కడుంది. స్కడర్ సోదరుల్లో కొందరు అక్కడ చదివినవాళ్లే.

ఇప్పుడు అదే 1850లలో చిత్తూరు వైపు చూడండి. ఇక్కడ ఈ మిషన్‌కు కులం విషయంలో మహా పట్టుదల. తరంగంబాడి పాత లూథరన్ సంప్రదాయం కులాల వారీగా వేరువేరు కూర్చోబెట్టడాన్ని సహించింది. 1850లో మద్రాసులో కూడిన మిషనరీలు, లైప్‌జిగ్ లూథరన్లు తప్ప, కులం విడవనివాడికి బాప్తిస్మం లేదనీ, విడిచినట్టు రుజువుగా పరయవాడు వండింది తినాలనీ తీర్మానించారు. స్కడర్లు ఆ తీర్మానాన్ని అక్షరాలా పాటించారు. న్యూ బ్రన్స్‌విక్‌లో మనిషిని అమ్ముకోవడం పాపమో కాదో తేలని రోజుల్లో, ఆ చర్చి పంపిన మనుషులే చిత్తూరులో పంక్తిభేదం పాపమని తేల్చేశారు. దీన్ని కపటమని కొట్టిపారేయడం సులువు. నేను ఆ పని చెయ్యను. స్కడర్ల చిత్తశుద్ధిని శంకించాల్సిన పని లేదు. అడగవలసింది వేరే: వాళ్లు పాపమని పేరుపెట్టిన కులం ఏది?

తిండి, పెళ్లి, కూర్చునే చోటు, పిలక, బొట్టు – వాళ్ల కంటికి కులమంటే ఇదీ. పొలం, ఎడ్లు, అప్పు, గింజల కొలత కులం లెక్కలోకి రాలేదు, అవి లోకవ్యవహారం. ఎంత తీవ్రంగా మాట్లాడినా ఆ కులనిర్మూలన వంటింటి దగ్గర మొదలై చర్చి గుమ్మం దగ్గర ఆగిపోయింది, కళ్లం దాకా పోలేదు. అమెరికాలో బానిసత్వం లోకవ్యవహారం, రాజ్యం చూసుకోవలసిన సంగతి అని హౌ వంటివాళ్లు అన్నారు. ఇక్కడ జీతగాడి కట్టు లోకవ్యవహారం అని ఎవరూ అనలేదు, అనాల్సిన అవసరమే రాలేదు. రెండుచోట్లా గీత ఒక్కచోటే గీశారు.

ఇక్కడ బానిసత్వం ఎక్కడుంది అనేవాళ్లుంటారు. ఈ మాట కొత్తదేమీ కాదు. 1819లో మద్రాసు రెవెన్యూ బోర్డు తన జిల్లాల్లో బానిసత్వం గురించి విచారించినప్పుడు మలబారు, కన్నడ తీరం, తమిళ జిల్లాల నుంచి అమ్మకాల, తనఖాల వివరాలు వచ్చాయి. తెలుగు జిల్లాల్లో కూలివాడు స్వేచ్ఛాజీవే అన్న ధోరణి కాగితాల్లో స్థిరపడింది. కొనుగోలు పత్రం లేకపోతే కాగితం దృష్టిలో బానిస లేడు. కాని కట్టు పత్రంతోనే పుట్టదు. పెళ్లికి తీసుకున్న పదో ఇరవయ్యో రూపాయలు, తండ్రి బాకీ కొడుకు మీదికి దిగడం, ఏడాదికి ఇన్ని గింజలనే మాట, ఉగాదికి జీతం తిరగరాసే ఆచారం, ఊరి పనికి వెట్టి – ఇన్ని తాళ్లతో కట్టినవాణ్ణి అమ్మాల్సిన పనేముంది? అతను ఎటూ పోడు.

చట్టాల చరిత్ర కూడా ఈ రెండు తీరాలను విచిత్రంగా దగ్గర చేస్తుంది. 1843 నాటి ఐదో చట్టం మన దేశంలో బానిసల్ని విడుదల చేయలేదు. బానిస మీద యజమాని హక్కును కోర్టులు గుర్తించవని మాత్రమే చెప్పింది. బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది 1862లో శిక్షాస్మృతి అమలైన తర్వాత. ఈ మధ్యలోనే, 1859లో, బయానా తీసుకుని పని ఎగ్గొట్టిన పనివాణ్ణి జైలుకు పంపే చట్టం వచ్చింది. ఒక చేత్తో తాడు విప్పి రెండో చేత్తో ముడి వేశారన్నమాట. అటు న్యూ బ్రన్స్‌విక్ ఉన్న న్యూజెర్సీ రాష్ట్రంలో 1846లో బానిసత్వం రద్దయింది, మిగిలిన బానిసల పేరు 'యావజ్జీవ అప్రెంటిసులు' అని మారింది. 1860 జనాభా లెక్కల్లో అలాంటివాళ్లు ఇంకా 18 మంది. అక్కడ అప్రెంటిసు, ఇక్కడ జీతగాడు. పేరు మార్చి పనిని మిగుల్చుకోవడంలో పాలకులు ఏ దేశంలోనైనా పండితులే.

ఇంతవరకు చెప్పింది చర్చిని పంపినవాళ్ల సంగతి. చేరినవాళ్ల వైపు నుంచి చూస్తే బొమ్మ మారుతుంది. 1860ల నుంచి ఆర్కాటు మిషన్ పల్లెల్లో కుటుంబాలను మూకుమ్మడిగా చేర్చుకోవడం మొదలైంది. అందుకు పెట్టిన షరతుల్లో ముఖ్యమైనవి మూడు: విగ్రహాలు వదలాలి, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, ఆదివారం పని చెయ్యకూడదు. మిషనరీ దృష్టిలో మూడూ ధర్మ నియమాలే. పల్లె దృష్టిలో మూడూ ఉత్పత్తి సంబంధాల మీద దెబ్బలు. ఇది మన విమర్శకులు తగినంత పట్టించుకోని విషయం.

చచ్చిన గొడ్డు సంగతి తీసుకోండి. గొడ్డును మోసుకుపోవడం మాదిగవాడి హక్కు అని పైకి అంటారు. నిజానికి అది బాధ్యత. గొడ్డును తీసుకుపోయినందుకు బదులుగా ఆసామికి చెప్పులు కుట్టాలి, కాడికి వార్లు ఇయ్యాలి, కపిల తోలడానికి కావలసిన తోలు సరంజామా చూడాలి. కపిల నడవకపోతే చిత్తూరు వైపు చెరకు మడి ఎండిపోతుంది. మాంసం వదిలినవాడు గొడ్డునూ వదులుతాడు, గొడ్డును వదిలితే తోలు లేదు, తోలు లేకపోతే బావి దగ్గర ఎడ్లు నిలిచిపోతాయి. శుచి కోసం పెట్టిన నియమం ఆసామి పొలం గట్టు మీదికి వచ్చి నిలబడింది. గ్రామదేవత విగ్రహం విషయమూ అంతే. జాతరలో డప్పు కొట్టడం, దున్నపోతును మోయడం, పొలిగంప పట్టడం మాల మాదిగల కొలువు. దేవతను వదలడమంటే ఆ కొలువును వదలడం. ఊళ్లో ఆ పని ఇంకెవరు చేస్తారు?

అన్నిటికంటే పదునైనది ఆదివారం. ఏడాది జీతగాడికి వారం లేదు. పున్నానికి, అమావాస్యకు కాడి దించడం ఎద్దుల కోసం పెట్టుకున్న ఆచారం, మనిషి కోసం కాదు. అలాంటివాడు ఏడురోజులకొకసారి పనికి రానంటే దానర్థం ఏమిటి? ఆ రోజు తనదంటున్నాడు. తన కాలంలో ఏడో వంతు మీద ఆసామికి హక్కు లేదంటున్నాడు. బానిస అంటే కాలం తనది కానివాడే కదా. మిషనరీ ఈ నియమం తెచ్చింది మోషే ధర్మశాస్త్రం నుంచి. కాని దాన్ని అమలు చేయవలసినవాడు, ఆసామి ముందు నిలబడి రానని చెప్పవలసినవాడు పాలేరు. దెబ్బలు తిన్నవాడు, జీతం గింజలు ఆగిపోయినవాడు అతనే. ఊరి బావి, ఊరి దారి మూసేది అతనికే. మద్రాసు ఇలాకా పొడవునా ఇలాంటి తగాదాలు మిషన్ కాగితాల్లో 'హింస' అనే శీర్షిక కిందికి, మతం కోసం పడ్డ బాధలుగా చేరిపోయాయి. అవి పనిదినం మీద జరిగిన పోరాటాలని రాసుకునే భాష మిషనరీ దగ్గర లేదు. మన దగ్గర ఉంది, మనమూ రాయలేదు.

1876–78 కరువు గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాలు మాడిపోయాయి. సర్ రిచర్డ్ టెంపుల్ మగ కూలికి రోజుకు పౌను గింజలు, ఒక అణా చాలని లెక్క కట్టాడు. ఆ ఏళ్లలో, ఆ తర్వాత సంఘాల్లో చేరినవాళ్లను 'బియ్యం క్రైస్తవులు' అని మిషనరీలే వెక్కిరించారు, హిందూ సంస్కర్తలూ వెక్కిరించారు. కడుపు నిండినవాడి మతమే నిఖార్సయినదనే ఈ వాదన మీద కాలం వృథా చెయ్యను. అయితే ఒకటి. పక్క జిల్లా చెంగల్పట్టులో ఆండ్రూ, గౌడీ వంటి మిషనరీలు పల్లెల్లో తిరిగి తిరిగి చివరికి అర్థం చేసుకున్నది భూమి సంగతే. కలెక్టరు ట్రెమెన్‌హీర్ 1891లో పరయల స్థితిపై రాసిన నివేదిక, 1892లో పంచమ భూముల ఉత్తర్వు ఆ దారిలో వచ్చాయి. వంటింటి నుంచి కళ్లానికి చూపు మరలడానికి నలభై ఏళ్లు పట్టిందన్నమాట.

సాహిత్య విద్యార్థులకు ఆసక్తి కలిగించే విషయం మరొకటుంది. 1863 నుంచి మదనపల్లెలో ఉండి 1908లో అక్కడే పోయిన జేకబ్ చేంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి ఎన్నో ఏళ్లు అధ్యక్షుడు. అమెరికా పాఠకుల కోసం పులుల అడవుల గురించి, నాగుపాముల గురించి పుస్తకాలు రాశాడు. తెలుగు బైబిలులో బానిసకు వాడిన మాట 'దాసుడు'. గ్రీకులో అది కొనబడ్డ మనిషి పేరు. తెలుగులో ఆ మాటకు అప్పటికే అన్నమయ్య నుంచి రామదాసు దాకా భక్తి పూత పూసి ఉంది. యజమాని నుంచి పారిపోయిన ఒనేసిము కథ – ఫిలేమోనుకు పౌలు రాసిన ఉత్తరం – అమెరికాలో బానిస యజమానుల పక్షానికి ఇష్టమైన ఆధారం. ఆ ఉత్తరం చిత్తూరు పల్లెలో చదివినప్పుడు 'దాసుడు' అనే మాటలో సంకెల చప్పుడు వినబడదు, హరికథ చిడతలు వినబడతాయి. ఇక 'జీతగాడు' అనే మాట యోహాను సువార్తలో ఉంది. తోడేలు వస్తే గొర్రెల్ని వదిలి పారిపోయేవాడతను. ఆ మాట విన్న సంఘంలో సగంమంది జీతగాళ్లు, వాళ్ల పిల్లలు గొర్రెల కాపరులు. నిజమైన తోడేలుకు ఎదురు నిలబడి, గొర్రె పోతే జీతంలో కోత పడ్డవాళ్లు. వాళ్లేమనుకుని ఉంటారు? మన కథకులెవరికీ ఈ ప్రశ్న తట్టినట్టు లేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' రాసింది ఆర్కాటు మిషన్ కేంద్రమైన రాయవేలూరు జైల్లో. ఆ నవల పల్లె మాత్రం గుంటూరు సీమది. 2000లో వచ్చిన జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' అంటరాని వంశం మిషన్ దాకా నడిచిన దారిని పట్టుకుంది. దక్షిణ రాయలసీమకు అలాంటి నవల ఇంకా బాకీ ఉంది.

మాతృ చర్చి తన లెక్క తాను చూసుకుంటున్నది. రిఫార్మ్‌డ్ చర్చి 2010లో, దక్షిణాఫ్రికా వర్ణవివక్షకు వ్యతిరేకంగా పుట్టిన బెల్హార్ ప్రకటనను తన విశ్వాస ప్రమాణాల్లో చేర్చుకుంది. ఆ చర్చి పెట్టిన కళాశాల పెరిగి రట్గర్స్ విశ్వవిద్యాలయమైంది. దాని తొలి అధ్యక్షుడు హార్డెన్‌బర్గ్ బంధువుల ఇంట్లోనే, డచ్చి తొలి భాషగా, సోజర్నర్ ట్రూత్ బానిసగా పుట్టిందని 2016లో ఆ విశ్వవిద్యాలయమే అచ్చువేసిన పరిశోధన చెప్పింది.

మన సంఘాలు దీన్ని చూసి ఏం చెయ్యాలి? క్షమాపణ అందుకునే వరసలో నిలబడాలా, చెప్పే వరసలోనా? రెండింటిలోనూ పాలు ఉంది. సంఘంలో అధికులు కట్టుబానిసల సంతతి. అదే సంఘంలో మాల చర్చి, మాదిగ చర్చి అనే మాటలు మన పల్లెల్లో వినబడుతూనే ఉన్నాయి. పై కులాల నుంచి వచ్చిన కుటుంబాలు ఆ కులం పేరును పెళ్లి సంబంధాల్లో పదిలంగా ఉంచుకున్నాయి. మిషన్ ఆస్తుల కోసం కోర్టుల చుట్టూ తిరిగే పెద్దలకు ఆ ఆస్తుల కింద రాళ్లు మోసినవాళ్ల సంగతి పట్టదు. దీనికి రాజ్యం తన వంతు చేర్చింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చి క్రైస్తవులను బయటే ఉంచింది. కనుక బడి రికార్డులో ఒక పేరు, చర్చి పుస్తకంలో ఒక పేరు. తాత జీతగాడని చర్చిలో చెబితే నామోషీ, చర్చికి పోతానని ఆఫీసులో చెబితే సర్టిఫికెట్టుకు ముప్పు. దాస్యపు జ్ఞాపకం రెండుచోట్లా నోరు మూసుకోవలసి వచ్చింది. వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిన 1976 నాటికి ఈ మిషన్‌కు 123 ఏళ్లు. శతజయంతులు జరిగాయి, సంచికలు అచ్చయ్యాయి. వాటిలో స్కడర్ల ఫొటోలుంటాయి, చేంబర్లేన్ ఫొటో ఉంటుంది. మొదటి ఆదివారం ఆసామికి రానని చెప్పినవాడి పేరు వెతకండి.

రట్గర్స్ పరిశోధకులకు దొరికిన వాటిలో ఒకటి చిన్న పద్దు. కళాశాల పాత భవనానికి పునాది తవ్వినప్పుడు విల్ అనే బానిస చేసిన పనికి కూలి, అతని యజమాని అయిన డాక్టరు పేర జమ. 2017లో ఆ భవనం దగ్గరి బాటకు విల్ పేరు పెట్టారు. మన బంగళాలకు, చర్చిలకు, బడులకు కూడా పునాదులు ఎవరో తవ్వారు, సున్నం ఎవరో దంచారు. ఆ పద్దులు మిషన్ లెక్కల పుస్తకాల్లో, పెద్ద ఆసాముల ఇళ్లలోని జీతాల చిట్టాల్లో, 1984లో పదవులు పోయాక కరణాల అటకలెక్కిన కట్టల్లో ఉంటాయి. బాప్తిస్మ పుస్తకంలో వృత్తి అనే గడి ఉంటుంది. చిత్తూరు, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె సంఘాల పుస్తకాల్లో ఆ గడిని, ఆ చిట్టాలను పక్కపక్కన పెట్టి చదవడం ఒక్క ఎం.ఏ. విద్యార్థి వేసవి సెలవుల్లో మొదలుపెట్టగల పని. చెదలు మాత్రం వేసవి దాకా ఆగవు.